మీ అక్క కేసు అప్పీలు గురించి

చిరంజీవికి, బాబాయ్ ఆశీస్సులు.

"అక్కకి విషం పెట్టి చంపాడన్న కేసు కొట్టేశారు, బావని వదిలేశారు బాబాయ్" అని నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు తెల్లవార్లూ నిద్ర పట్టలేదు. అయినా నలభై ఏళ్లు వకీలు గుమాస్తాగా కోర్టు వరండాల్లో అరిగినవాణ్ని కదా, నా నోట ముందు వచ్చే మాట ఒకటే: రేపే తీర్పు సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పడేయండి. సాక్షుల వాంగ్మూలాలు, పోస్టుమార్టం, ల్యాబ్ రిపోర్టు కాపీలు కూడా అడగండి. అప్లికేషన్ వేసిన రోజు నుంచి కాపీ తయారైన రోజు వరకు అప్పీలు గడువులోంచి తీసేస్తారు. తయారయ్యాక మీరు తీరిగ్గా వెళ్లి తెచ్చుకునే రోజులు మాత్రం మీ ఖాతాలోనే పడతాయి.

ప్రభుత్వం అప్పీలు వేయాలంటే 90 రోజులు. పీపీ (ప్రభుత్వ వకీలు) గారి అభిప్రాయం, ఫైలు పైకి వెళ్లడం, హైకోర్టు అనుమతి, ఇదంతా వాళ్ల నడక. వాళ్లకి అర్జీ ఇవ్వండి, కానీ వాళ్లమీదే ఆధారపడి కూర్చోకండి. బాధితులు సొంతంగా అప్పీలు వేసుకునే హక్కు 2009 చివరి నుంచి ఉంది. అప్పట్లో పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్పీసీలో సెక్షన్ 372, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 413. హైకోర్టు అనుమతి కూడా అక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో మల్లికార్జున్ కొడగలి కేసులో చెప్పింది. మన గడువు ఎంతో ఆ సెక్షన్‌లో రాయలేదు, కాబట్టి 60 రోజుల్లో వేసేస్తే ఏ పేచీ ఉండదు.

ఇక అసలు సంగతి. తీర్పు చేతికొచ్చాక కోపంతో చదవకు. ఎర్ర పెన్సిల్ పట్టుకుని చదువు. విషం కేసులో కోర్టు చూసేవి నాలుగు: చంపాల్సిన కారణం, చావు ఆ విషంతోనే జరిగిందా, ఆ విషం నిందితుడి దగ్గర ఉందా, ఇచ్చే వీలు అతనికి ఉందా. జడ్జిగారు వీటిలో ఏది తెగిందన్నారో, ఏ పేరాలో అన్నారో గీత గియ్యి. 1984లో శరద్ బిర్ధిచంద్ శార్దా కేసులో భార్య చావుకి పొటాషియం సైనైడ్ కారణమని తేలినా, అది భర్త దగ్గర ఉన్నట్టు రుజువు లేదని, ఆత్మహత్య అయ్యే అవకాశాన్నీ కొట్టిపారేయలేమని సుప్రీంకోర్టు వదిలేసింది. అంతకుముందు హైకోర్టు ఉరి ఖాయం చేసిన కేసు అది! అటు చూస్తే, డాక్టర్ లాగూ నిందితుడైన కేసులో చనిపోయినామె శరీరంలో విషమే దొరకలేదు, అయినా మిగతా పరిస్థితులన్నీ కలిసి శిక్ష నిలబడింది. అది భార్యాభర్తల కేసు కాదనుకో, కానీ మీ లాయరుగారికి పనికొస్తుంది.

మా సీనియర్ గారి దగ్గర ఒక కేసు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. రిపోర్టులో పురుగుల మందు ఉందని స్పష్టంగా రాశారు. కానీ విస్రా సీసాలు, అంటే పోస్టుమార్టంలో తీసిన శరీర భాగాలు దాచిన సీసాలు, ఆసుపత్రి నుంచి ల్యాబ్‌కి చేరేసరికి పదకొండు రోజులు పట్టింది. మధ్యలో అవి ఎక్కడున్నాయో చెప్పే కానిస్టేబుల్‌ని సాక్షిగా పిలవనే లేదు. కేసు అక్కడే పోయింది. మీ రిపోర్టులో "సీళ్లు చెక్కుచెదరలేదు, శాంపిల్ సీలుతో సరిపోయాయి" అనే లైను ఉందేమో వెతుకు. ఉండి, తీర్పులో దాని ఊసే లేకపోతే, అప్పీలులో మొదటి పాయింటు అదే.

ఆ రాత్రి ఇంట్లో మీ బావ, అక్క ఇద్దరే ఉన్నారంటున్నావు. అప్పుడు ఏం జరిగిందో ఆయన సమాధానం చెప్పుకోవాలి, నిజమే. కానీ ముందు ప్రాసిక్యూషన్, అంటే కేసు నడిపే ప్రభుత్వ పక్షం, తన వంతు రుజువు చేశాకే. ఈ మాట మీ అమ్మకి నెమ్మదిగా చెప్పు. రెండు రకాలుగా అనుకోవడానికి వీలుంటే హైకోర్టు విడుదల తీర్పుని కదపదు. అందుకే "అన్యాయం జరిగింది" అని పది పేజీలు రాయించొద్దు. ఫలానా సాక్షి ఫలానా మాట అన్నాడు, తీర్పు దాన్ని చూడలేదు అని పేజీ నంబరుతో రాయించు.

ఎదురు తిరిగిన సాక్షుల గడప తొక్కకు. బెదిరించావని నీమీదే కేసు పెడతారు.

అప్పీలు నాన్న పేరుమీద వేయాలా, అమ్మ పేరుమీదా అనేది లాయరుగారు తేలుస్తారు. ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. అమ్మ పేరుతో వేస్తే హైకోర్టు లీగల్ సర్వీసెస్ కమిటీ లాయర్ని ఇస్తుంది. న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

కాపీ అప్లికేషన్ నంబరు రాగానే నాకు చెప్పు. కాగితాలన్నీ పట్టుకుని ఆదివారం ఇంటికి రా, కలిసి చదువుదాం. నా కళ్లజోడు పవరు మారింది, పెద్దగా చదివి వినిపించాల్సింది నువ్వే.

మీ బాబాయ్