కాబోయే టీచర్లకు, లైబ్రేరియన్లకు కథల పుస్తకాలతో వైవిధ్యం ఎలా నేర్పాలి?

ఉపన్యాసంతో కాదు, ముందు వాళ్ల చేతే చదివించి. అమెరికాలో ఈ శిక్షణ ఇచ్చేవారు తరచూ ఎత్తుకునే పోలిక ఆచార్య రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో చెప్పింది: పుస్తకం పిల్లలకు తమ జీవితం కనిపించే అద్దం, ఇతరుల జీవితం చూపే కిటికీ, ఆ లోకంలోకి దాటి వెళ్లగలిగే తలుపు. అద్దం దొరకని పిల్లల గురించి అందరూ మాట్లాడతారు. ఎప్పుడూ అద్దమే చూసుకునే పిల్లలకూ నష్టమేనని ఆమె అన్నారు. నాకు ఎక్కువ నచ్చే మాట అదే.

ఇక అభ్యాసం. బడి గ్రంథాలయంలో ఒక అర ఎంచుకుని, ప్రతి కథలో పిల్లల పేర్లు, వాళ్లు ఉండే ఇల్లు, అన్నంలోకి కూర ఏమిటో రాయించండి. మన తెలుగు కథల్లో ముద్దపప్పు, నెయ్యి సులువుగా దొరుకుతాయి. తలకాయ కూర వండే ఇంటి కోసం మాత్రం వెతకాలి. ఆ ఖాళీని వాళ్లే కనిపెడితే, ఏ పుస్తకాలు కొనాలన్న చర్చ దానంతట అదే మొదలవుతుంది.