చప్పుడు చేయని గ్రాఫిక్స్ కార్డుకు లక్షా ఇరవై వేలు పెట్టాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మియాపూర్‌లో అమ్మానాన్నలతో కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాను. చేతికొచ్చే జీతం 82,000. అద్దె 18,000, ఇంటి ఖర్చు 22,000, బండి ఈఎంఐ 5,500, ఇతర ఖర్చులు 8,000, సిప్ 10,000 పోగా నెలకు 18,500 మిగులుతుంది. బ్యాంకులో 1,40,000 ఉంది. ఐదు నెలల్లో 90,000 బోనస్ రావాలి. రాత్రిపూట గేమ్స్ ఆడటం ఒక్కటే నాకున్న సరదా. కంప్యూటర్ హాల్లోనే ఉంది, నాన్న కూడా అక్కడే పడుకుంటారు. నా పాత గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 ఫ్యాన్ల మోతకు ఆయనకు నిద్ర పట్టడం లేదు. శబ్దం రాని ఆర్‌టీఎక్స్ 5080 తీసుకుందామని అడిగితే షాపులో 1,20,000 అన్నారు. 5070 టీఐ అయితే 84,000 అట. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ మంచిదా, ఏడాది సిప్ ఆపడం మంచిదా, డల్లాస్‌లో ఉన్న అన్నయ్యతో తెప్పించుకోవడం మంచిదా? నా మానిటర్ 1440పీ (4కే కన్నా తక్కువ పిక్సెళ్లది), పవర్ సప్లై 650 వాట్లు. పాత కార్డును ఫ్రెండ్ 14,000కు తీసుకుంటానన్నాడు.

జవాబు: ముందుగా ఒక మాట. ఈ లక్షా ఇరవై వేలను సిప్‌లో పెడితే ఇరవై ఏళ్లకు ఎన్ని లక్షలవుతుందో చెప్పి మిమ్మల్ని భయపెట్టను. సంపాదిస్తున్నారు, ఇంటిని చూసుకుంటున్నారు, నెలనెలా దాస్తున్నారు. ఉన్న ఒక్క సరదాకు డబ్బు ఖర్చు పెట్టడం తప్పు కాదు. పైగా మీరు నాన్నగారి నిద్ర గురించి కూడా ఆలోచిస్తున్నారు. కాబట్టి కొనాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ఏది కొనాలి, ఏ డబ్బుతో కొనాలి అన్నవే చూద్దాం.

మీకు కావాల్సింది నిశ్శబ్దం. కార్డు వాడుకునే ప్రతి వాటూ చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని బయటికి తోయడానికే ఫ్యాన్లు తిరుగుతాయి. మీ 3060 లాగేది 170 వాట్లు. 5080 లాగేది 360. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. అయినా 5080 తక్కువ శబ్దం చేయొచ్చు. ఎందుకంటే ఆ స్థాయి కార్డులకు పెద్ద హీట్‌సింకు (చిప్పు వేడిని పీల్చుకునే లోహపు దిమ్మ), మూడు పెద్ద ఫ్యాన్లు పెడతారు, అవి నెమ్మదిగా తిరిగినా సరిపోతుంది. మీరు అదనంగా డబ్బు పెడుతున్నది ఆ హీట్‌సింకుకే అయితే, అలాంటిదే తక్కువ వాట్ల కార్డు మీద ఉంటే ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది కదా? అందుకే మీ విషయంలో జేబుకు మంచిదే చెవికి కూడా మంచిది.

5070 టీఐలో ఉన్నదీ, 5080లో ఉన్నదీ ఒకే చిప్పు. 5070 టీఐలో కొన్ని భాగాలు పనిచేయకుండా ఆపేసి అమ్ముతారు, అంతే. మెమరీ రెండింటిలోనూ 16 జీబీయే. వేగంలో తేడా సుమారు 15 శాతం. 1440పీ మానిటర్ మీద ఆ తేడా ఫ్రేమ్ కౌంటర్‌లో (సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపే అంకెలో) కనిపిస్తుంది కానీ ఆటలో తెలియడం కష్టం. 5070 టీఐ లాగేది 300 వాట్లు. సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను కొంత తగ్గిస్తే అది ఇంకా దిగుతుంది, వేగం పోయేది కొద్ది శాతమే. దానికి రూపాయి ఖర్చు లేదు.

షాపువాళ్లు గానీ రివ్యూలు గానీ చెప్పని సంగతి మన ఎండలు. రివ్యూల్లోని డెసిబెల్ అంకెలు చాలావరకు చల్లటి గదుల్లో కొలిచినవి. పైగా ఒకరు కార్డు పక్కనే మైకు పెట్టి కొలుస్తారు, ఇంకొకరు దూరం నుంచి కొలుస్తారు. కాబట్టి ఒక రివ్యూ అంకెను ఇంకో రివ్యూ అంకెతో పోల్చకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మీ హాలు 34 డిగ్రీలుంటే, 24 డిగ్రీల గదిలో కన్నా కార్డు దాదాపు పది డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, ఫ్యాన్లూ అంత వేగంగా తిరుగుతాయి. 360 వాట్ల వేడి గంటల తరబడి చిన్న హాల్లోకి వస్తుంటే నాన్నగారికి మోత తగ్గినా ఉక్కపోత పెరుగుతుంది. ఇక కరెంటు బిల్లు అంటారా, దానికి టెన్షన్ వద్దు. రోజుకు మూడు గంటలు ఆడితే రెండు కార్డుల మధ్య తేడా నెలకు ఐదారు యూనిట్లే. ఏసీ వేయాల్సి వస్తే మాత్రం లెక్క మారిపోతుంది.

కొనే ముందు ఈ వారమే ఒక పరీక్ష చేయండి. క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపండి. గేమ్‌లో ఫ్రేమ్ రేటును 60కి కట్టేసి ఆడండి. ఇంకా మోత ఉంటే అది కార్డుదా, క్యాబినెట్ ఫ్యాన్లదా, సీపీయూ కూలర్‌దా అని చెవి పెట్టి వినండి. కార్డుది కాకపోతే రెండు మూడు వేల రూపాయల మంచి ఫ్యాన్లతో పని అయిపోవచ్చు. మీ కీబోర్డు మెకానికల్ అయితే అర్ధరాత్రి దాని టకటకలు కూడా తక్కువేమీ కావు. దాన్నీ చూసుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. నో కాస్ట్ ఈఎంఐ పూర్తిగా ఉచితం కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ వడ్డీ మేరకు అమ్మేవాళ్లు ముందుగా డిస్కౌంట్ ఇస్తారు. కానీ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. 16 శాతం వడ్డీ అనుకుంటే 1,20,000 మీద ఏడాదికి వడ్డీ 9,800 దగ్గర పడుతుంది, దాని మీద జీఎస్టీ సుమారు 1,760. ప్రాసెసింగ్ ఫీజు వేరు. మొత్తంగా రెండు వేలు అనుకోండి. అది పెద్ద మొత్తం కాదు, ఆ కారణంతో నేను వద్దనడం లేదు. మీ 18,500 మిగులులో 10,000 ఏడాది పాటు కట్టుబడిపోతుందే, అది నాకు నచ్చలేదు. ఇంట్లో సంపాదించేది మీరొక్కరే. బండి ఈఎంఐ ఇప్పటికే ఉంది. సిప్ తీసేస్తే మీ నెల ఖర్చు 53,500. అత్యవసర నిధిగా కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 1,60,500 కావాలి, చేతిలో 1,40,000 ఉంది. ఈ డబ్బు మాత్రం ముట్టుకోవద్దు. సిప్ కూడా ఆపొద్దు. సరదా కోసం ఒకసారి ఆపిన సిప్‌ను మళ్లీ మొదలుపెట్టడానికి చాలామందికి చెయ్యి రాదు.

నా లెక్క ఇదీ. బోనస్ వచ్చేదాకా ఐదు నెలలు, నెలకు 6,000 అత్యవసర నిధికి వేయండి. అది 1,70,000 అవుతుంది. మిగిలిన 12,500 వేరే ఖాతాలో కార్డు కోసం పెట్టండి. అది 62,500. పాత కార్డుకు 14,000, బోనస్‌లోంచి 20,000 కలిపితే 96,500. 84,000 కార్డుకు, మిగతాది పవర్ సప్లైకి. 5070 టీఐకి 750 వాట్ల పవర్ సప్లై ఉండాలని దాని చిప్పు తయారుచేసే ఎన్విడియానే చెబుతోంది, మీ 650 మీద నడపొద్దు. బోనస్‌లో మిగిలే 70,000లోంచి అమ్మానాన్నలకు విడిగా ఆరోగ్య బీమా తీసుకోండి. ఆఫీసు పాలసీలో వాళ్ల పేర్లున్నా, ఉద్యోగంతో పాటే ఆ పాలసీ కూడా పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ లేదు, అది కొంత ఊరట.

ఐదు నెలల్లో కార్డు ధర తగ్గుతుందని ఆశ పెట్టుకోకండి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ చిప్పులు ప్రియమయ్యాయి, ఇంకా పెరిగినా ఆశ్చర్యం లేదు. అందుకే కార్డు, పవర్ సప్లై రెండూ కలిపి 96,500 దాటితే ఏఎండీ ఆర్‌ఎక్స్ 9070 చూడండి. 16 జీబీ మెమరీ, 220 వాట్లే, మీ 650 పవర్ సప్లైతోనే నడుస్తుంది. రే ట్రేసింగ్‌లో (ఆటలో వెలుగునీడలను నిజంలా చూపించే పద్ధతి) కాస్త వెనక. కానీ అర్ధరాత్రి హాల్లో పెట్టుకోవడానికి నా ఓటు దానికే పడొచ్చు.

అన్నయ్యతో తెప్పించుకోవడం నేను వద్దంటాను. డల్లాస్‌లో షాపులో రాసి ఉన్న ధరకు 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ కలుస్తుంది. మన విమానాశ్రయంలో కస్టమ్స్ సుంకం నుంచి ల్యాప్‌టాప్‌కు ఉన్న ప్రత్యేక మినహాయింపు విడి కార్డుకు వర్తించదు. అన్నిటికన్నా ముఖ్యం, చాలా కంపెనీల వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి వెళ్లి నాలుగు షాపులు తిరగండి. మూడు ఫ్యాన్ల మోడల్ అడగండి, మీ క్యాబినెట్‌లో పడుతుందో లేదో పొడవు కొలుచుకుని వెళ్లండి. కొన్ని కార్డుల మీద నిశ్శబ్ద మోడ్‌కు చిన్న స్విచ్ ఉంటుంది, అది ఉంటే మంచిది. లోడ్ మీద కొన్ని కార్డుల నుంచి సన్నగా కూత లాంటి శబ్దం వస్తుంది, దాన్ని కాయిల్ వైన్ అంటారు. ఖరీదైన వాటికీ అది తప్పదు, చాలాసార్లు వారంటీ కిందికి రాదు. కాబట్టి అక్కడే పెట్టించి గేమ్ నడిపి వినిపించమనండి. అలా వీలుకాదంటే, కూత వస్తే వారంలో మార్చి ఇస్తారా అని డబ్బు కట్టకముందే అడగండి. ఒప్పుకుంటే ఆ మాటను, సీరియల్ నంబరును జీఎస్టీ బిల్లు మీద రాయించుకోండి.