పిల్లల కేసులు చూసే లాయర్ ఆఫీసులో చేరుతున్న మా అమ్మాయికి

తల్లీ,

ఉద్యోగం వచ్చిందని తెలిసింది, చాలా సంతోషం. పిల్లల తరఫున వాదించే ఆఫీసు కదా, రోజంతా పిల్లలతోనే ఉంటాననుకుంటున్నావేమో, నువ్వు ఉండేది ఫైళ్లతో, ఫోన్‌తో, వాయిదా తేదీలతో. ఇన్నేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెప్తున్నా.

అన్నిటికంటే ముందు అడ్రస్ సంగతి. పిల్లని ప్రమాదమున్న ఇంట్లోంచి తెచ్చి వేరేచోట ఉంచారనుకో, ఎక్కడుందో తెలియకూడని వాళ్లకి తెలిసేది ఎక్కువగా మన కాగితాల వల్లే, మార్కుల కార్డు మీద స్కూల్ ముద్ర ఉంటుంది, డాక్టర్ చీటీ మూలన ఇంటి నంబర్ ఉంటుంది, ఎవరూ చూడరు. అవతలి పార్టీకి కాపీలు పంపేటప్పుడు ప్రతి పేజీ తిప్పు. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల డబ్బా గీసేసి అయిపోయిందనుకుంటారు చాలామంది, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, కాపీ చేసి పక్కన పేస్ట్ చేస్తే మొత్తం బయటికొస్తుంది! అక్షరాల్ని పూర్తిగా తీసేసే రిడాక్షన్ టూల్‌తోనే తీసెయ్యి, తీశాక నువ్వే అలా కాపీ చేసి చూసుకో. ఫైల్ పేరులో కూడా పిల్ల పేరు వద్దు, కేసు నంబర్ చాలు. ఈమెయిల్లో అడ్రస్ దానంతటదే నింపేసే ఆటోఫిల్‌ని అసలు నమ్మకు.

ఫోన్లంటావా, తల్లి ఏడుస్తుంది, తండ్రి అరుస్తాడు, ఎవరో స్కూల్ టీచర్‌నండీ అంటారు. అన్నంత మాత్రాన టీచర్ అయిపోరు, మన దగ్గరున్న స్కూల్ నంబర్‌కి తిరిగి చెయ్యి. ఈ పిల్ల కేసు మీ దగ్గరుందా అంటే ఉందనీ లేదనీ చెప్పకు, పేరు నంబర్ రాసుకుని లాయర్ గారికి చెప్తాననెయ్. జాలిపడి "మీ దగ్గరికే వచ్చేస్తుందిలెండి" అన్నావంటే ఆఫీసు వాళ్లే చెప్పారని పట్టుకుంటారు.

పిల్లే ఫోన్ చేస్తే మాత్రం పెన్ను తీసుకో. "అక్కడ పడుకోను" అందా, అదే రాయి, టైమ్ వెయ్యి, భయపడుతోంది అని నీ మాట రాయకు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం (1989) ఆర్టికల్ 12 ప్రకారం తన విషయంలో పిల్ల అభిప్రాయం వినాలి, వయసుని, ఎదుగుదలని బట్టి దానికి విలువివ్వాలి, మరి నువ్వు మాట మార్చి రాస్తే వినేది నీ అభిప్రాయమే అవుతుంది కదా. అలాగని ఏం జరిగిందని గుచ్చిగుచ్చి అడగకు, అలా అడగడానికి ట్రైనింగ్ ఉన్నవాళ్లుంటారు, మనం అడిగితే మనమే నేర్పించామంటారు. ఇప్పుడే కొడుతున్నారనో, ఇంకేదైనా ప్రమాదమనో అంటే లాయర్ గారు కోర్టు హాల్లో ఉన్నా చీటీ పంపి పిలిపించు. ఆయన దొరక్కపోతే ఎవరికి రిపోర్ట్ చెయ్యాలో మొదటిరోజే అడిగి పెట్టుకో.

ఇంకోటి, కొన్ని కేసుల్లో లాయర్ పిల్ల ఏం కోరుకుంటుందో అది వాదిస్తారు, కొన్నిట్లో పిల్లకి ఏది మంచిదో అది చెప్తారు, రెండూ ఒకటి కాదు, ఏ కేసులో ఏదో తెలుసుకోకుండా ఉత్తరం టైప్ చెయ్యకు.

వాయిదా మారితే క్యాలెండర్లో దిద్దడంతో సరిపోదు, పిల్లని తీసుకొచ్చేవాళ్లకి, దుబాసీకి కూడా ఫోన్ చెయ్యి. కేసు ఫైల్లోని ఫోటోల కవర్ పని లేకుండా తెరవకు.

చేరాక ఫోన్ చెయ్యి. జీతం గురించి చెప్పు, నీ బాస్ గురించి ఎంతైనా చెప్పు, కేసుల గురించి మాత్రం నేను అడిగినా సరే చెప్పకు.

నీ పెద్దమ్మ