మాగ్నెట్ పెట్టగానే బావ వేలు కదిలింది

మూడు నెలలుగా స్పృహలో లేని మీ నాన్నగారికి తలకు మాగ్నెట్ ట్రీట్‌మెంట్ ఇప్పించమంటున్నారని, దానివల్ల హార్మోన్లు కూడా పెరుగుతాయంటున్నారని, నమ్మవచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు, గుంటూరు మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్టులో లెక్కలు రాసుకునేవాణ్ణి. కాకపోతే మా బావ కోసం పదిహేను రోజులు ఆ మిషన్ పక్కన కూర్చున్నాను.

బావ కాజా టోల్‌గేట్ దాటాక బైక్ మీంచి పడ్డాడు. హెల్మెట్ ఉంది, పెట్రోల్ ట్యాంకు మీద. నెలన్నరకు కళ్ళు తెరిచాడు గానీ ఎవరినీ చూసేవాడు కాదు. ఇది కోమా కాదు, వెజిటేటివ్ స్టేట్ అన్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం ముక్కులో గొట్టంతో పాలు పోయించుకునే మనిషికి డజన్ల కొద్దీ బత్తాయిలు తెచ్చారు. అవన్నీ నేనే తిన్నాను.

విజయవాడ సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో మొదలుపెట్టాం. బండి పెట్టుకునే చోటు దొరకడానికే అరగంట. 8 అంకెలా ఉండే కాయిల్ తలకు ఎడమవైపు ఆనించి టక్కుమనిపించారు. బావ కుడిచేతి బొటనవేలు ఎగిరింది. "ఒరేయ్, కదిలాడ్రా!" అని అక్క నా చొక్కా పట్టుకుని ఏడ్చేసింది. అత్తయ్యగారు అక్కడే దుర్గమ్మ కొండ వైపు తిరిగి దండం పెట్టారు. మిషన్ నడిపే కుర్రాడికి ఏం చెప్పాలో తోచలేదు. చివరికి, "అమ్మా, ఆ వేలు ఆయన కదిపింది కాదండీ, మిషన్ కదిపింది. పవర్ ఎంత పెట్టాలో చూసుకోడానికి ముందు ఇలా కదిలిస్తాం" అన్నాడు. అత్తయ్యగారు దండం దించలేదు.

1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం మొదట చూపించింది కూడా ఇదే: అయస్కాంతంతో మెదడులో కరెంటు పుట్టించి చెయ్యి ఎగిరేలా చేయడం. డిప్రెషన్‌కు అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. స్పృహ లేనివాళ్ళ విషయంలో ఇంకా పరిశోధనలే. ఆ బిల్లు రాసేటప్పుడు ఈ ముక్క ఎవరూ చెప్పరు.

ఇక హార్మోన్లు. మిషన్ ఇచ్చాక రక్తంలో ఈస్ట్రోజన్ పెరుగుతుందా అని చైనాలో కొందరు చూశారు. పెరిగినా ఏమిటట? తలకు దెబ్బ తగిలినవాళ్ళకు ఈస్ట్రోజన్ లాంటిదే ఇంకో ఆడ హార్మోన్, ప్రొజెస్టిరాన్, నేరుగా ఎక్కించి చూసిన రెండు పెద్ద ట్రయల్స్ ఫలితాలు 2014లో వచ్చాయి. కలిపి రెండు వేల మందికి పైగా పేషెంట్లు. లాభం లేదని తేలింది.

నన్నడిగితే పెంచే హార్మోన్ సంగతి తర్వాత, తగ్గిపోయిన హార్మోన్ సంగతి ముందు చూడాలి. మెదడు కింద బఠాణీ గింజంత పిట్యూటరీ ఉంటుంది, తలకు గట్టి దెబ్బ తగిలితే అదీ దెబ్బతినవచ్చు. మా వాళ్ళు థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్ టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉందని థైరాయిడ్ మాటే వదిలేశారు. ఆ టీఎస్‌హెచ్‌ను పంపేదే పిట్యూటరీ కదా! అదే పాడైతే ఆ అంకెను ఏం నమ్ముతాం? గుంటూరు కొత్తపేటలో ఇంకో డాక్టర్ గారు ఉదయం ఎనిమిదింటికి కార్టిసాల్ (ఒంట్లో తయారయ్యే స్టెరాయిడ్ హార్మోన్), దాంతోపాటు థైరాయిడ్ హార్మోన్ టీ4 పరీక్ష చేయించారు. రెండూ తక్కువే. ముందు కార్టిసాల్ మాత్ర, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర, తిరగేస్తే ప్రమాదం అని అక్కకు రెండుసార్లు చెప్పి పంపారు.

మూడు వారాలకు ఆ డాక్టర్ గారే అద్దం అడిగారు. అక్క బ్యాగులో బొట్టు పెట్టుకునే చిన్న అద్దం ఉంది. దాన్ని బావ ముఖం ముందు పెట్టి మెల్లగా కుడికి జరిపారు. కళ్ళు వెంట వెళ్ళాయి. ఎడమకు జరిపారు, మళ్ళీ వెళ్ళాయి. ఈసారి అక్క ఏడవలేదు, "మిషన్ ఏదీ లేదు కదండీ?" అని అడిగింది. లేదు, మాగ్నెట్ ఆపేసి అప్పటికి పన్నెండు రోజులు.

మాత్రలే పనిచేశాయని నా నమ్మకం. మాగ్నెట్, మాత్రలు రెండూ కావచ్చు, మామూలుగానే కోలుకుని ఉండవచ్చు అంటారు డాక్టర్ గారు. ఆయన మర్యాదకు అలా అంటారని నా అనుమానం.

డబ్బుంటే మాగ్నెట్ ఇప్పించండి, వద్దనను. నాన్నగారికి ఫిట్స్ వచ్చాయా, తలలో క్లిప్పు గానీ ప్లేటు గానీ వేశారా అన్నది ముందే చెప్పండి. ఈ రెండు రక్తపరీక్షల సంగతి మాత్రం రేపే అడగండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు నడుస్తుంటే అదీ చెప్పాలి, లేకపోతే కార్టిసాల్ లెక్క తప్పుతుంది. ల్యాబ్ కుర్రాడు పదిన్నరకు వస్తానంటే ఒప్పుకోకండి. మా దగ్గరకు మొదటిసారి అలాగే వచ్చాడు, మర్నాడు మళ్ళీ గుచ్చాల్సి వచ్చింది.