నొప్పి తగ్గిస్తే జబ్బు దాగిపోతుందా?

ప్రశ్న: మా బాబుకి 7 ఏళ్లు, బరువు 20 కిలోలు. మొన్న రాత్రి బొడ్డు చుట్టూ నొప్పంటూ మెలికలు తిరిగిపోతుంటే కాకినాడ తీసుకెళ్లాం. ఎమర్జెన్సీలో స్కానింగ్ కాకముందే నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చేశారు. అలా ఇస్తే అసలు జబ్బు దాగిపోతుందని మా అత్తగారి కంగారు. నిజమేనా? ఇంటి దగ్గర మందు వేయొచ్చా?
– ఒక తల్లి, అంబాజీపేట

జవాబు: వాళ్లు చేసింది సరైన పనేనమ్మా. స్కానింగులు లేని రోజుల్లో సర్జన్ చేతిస్పర్శతోనే తేల్చుకోవాల్సి వచ్చేది. మీ అత్తగారి మాట ఆ కాలం నాటిది, అప్పట్లో డాక్టర్లూ అదే చెప్పేవారు. తరవాత పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో, ముందే నొప్పి తగ్గించినందువల్ల అపెండిసైటిస్ (పేగుకి అంటుకుని ఉండే చిన్న తిత్తి, అపెండిక్స్, వాచిపోవడం) గుర్తించడం తప్పిపోయినట్టు తేలలేదు. నొప్పితో ఏడ్చే బిడ్డ పొట్టంతా బిగబట్టేస్తాడు, ఎక్కడ ముట్టుకున్నా కేకే. మందు పడ్డాక పొట్ట వదులవుతుంది. అప్పుడు కుడివైపు కింద నొక్కితే వాపున్న చోట మాత్రం ఇంకా ముఖం చిట్లిస్తాడు. డాక్టరుకి కావలసింది ఆ ఒక్కచోటే.

ఓ మాదిరి నొప్పికి పారాసిటమాల్, కిలోకి 15 మిల్లీగ్రాములు. అంటే మీ వాడికి 300. వాంతులుంటే అదే మందు నరంలోకి 15 నిమిషాలపాటు ఎక్కిస్తారు. తట్టుకోలేనంత నొప్పికి మార్ఫిన్, కిలోకి 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాము, నెమ్మదిగా. మార్ఫిన్ ఊపిరిని మందగింపజేయొచ్చు, అందుకే వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి, ఆక్సిజన్ గమనిస్తూ ఉంటారు.

ఇంటి దగ్గర పారాసిటమాల్ ఒక డోసు వేయొచ్చు, సీసా చూసి మరీ. 5 ఎం.ఎల్.లో 250 ఉన్న సిరప్ అయితే 6 ఎం.ఎల్., 125 ఉన్నదైతే 12. చంటిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క ఎం.ఎల్.లోనే 100 ఉంటుంది. సిరప్ లెక్కన అవి 12 ఎం.ఎల్. పోశారంటే 1200 మిల్లీగ్రాములు, లివర్‌కి ప్రమాదం. వేసిన టైము కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. తిడతారేమోనని దాస్తే రెండో డోసు తొందరగా పడిపోతుంది. డెంగీ అనుమానమున్నా, వాంతులతో ఒంట్లో నీరు తగ్గినా ఐబుప్రోఫెన్ వద్దు. కడుపునొప్పి చుక్కల మందుల్లో ఉండే డైసైక్లోమిన్ 6 నెలల లోపు పసివాళ్లకి అసలు పనికిరాదు. ఆముదం, ఎనీమా, వాతలు వద్దేవద్దు.

ఆకుపచ్చటి వాంతి, రక్తం కలిసిన జిగట విరేచనం, పొట్ట చెక్కలా బిగుసుకోవడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. మగపిల్లాడైతే నిక్కరు తీసి చూడండి. వృషణం మెలిపడినా కొందరు సిగ్గుతో కడుపునొప్పనే చెబుతారు. దానికి 6 గంటలు దాటితే కష్టం. విపరీతమైన నొప్పి ఉన్నట్టుండి పోయినా సంబరపడొద్దు, అపెండిక్స్ పగిలినప్పుడు కాసేపు అలాగే హాయిగా ఉంటుంది.

మన కొబ్బరితోటల్లో, చేలగట్ల పక్క ఇళ్లల్లో ఇంకొకటి చూడాలి. రాత్రి నేలమీద పడుకున్న బిడ్డ తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులతో లేచాడా? టార్చి వేసి కళ్లు చూడండి. రెప్పలు వాలిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, మింగలేకపోతున్నా కట్లపాము కాటు అనుకోవాలి. ఆ కాటు నొప్పెట్టకపోవచ్చు, గాటూ కనపడకపోవచ్చు. నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో పాము అనుమానం మాట ముందే చెప్పండి. అప్పుడు కావలసింది విషానికి విరుగుడు, ఊపిరికి ఆసరా. ఊపిరిని మందగింపజేసే మార్ఫిన్ జోలికి అప్పుడు వాళ్లు వెళ్లరు.