23వ పేజీలో ఉన్న వ్యాసం
(పాఠకుల ప్రశ్నలు – న్యాయవాది సమాధానాలు)

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, కోర్టు వరండాలో ఒడియా, ఫైళ్లలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య తొమ్మిదేళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. షెడ్యూల్డు ప్రాంతాల్లో భూముల బదిలీ గురించి ఇంగ్లీషులో 32 పేజీల వ్యాసం రాసి ఒక లా జర్నల్‌కు పంపితే, “మా పత్రికకు అనువుగా లేదు” అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చింది. కారణం చెప్పలేదు. జిల్లా కోర్టు వకీళ్లు రాసినవి పెద్ద పత్రికలు పట్టించుకుంటాయా? వ్యాసం ప్రతిని జతపరుస్తున్నాను, దయచేసి చూడగలరు.
– ఒక న్యాయవాది, రాయగడ

జవాబు: మీ వ్యాసాన్ని ఆసాంతం చదివాను. తిప్పి పంపిన సంపాదకుని తప్పుపట్టలేను గాని, ఆయన 23వ పేజీ దాకా ఓపిక పట్టి ఉంటే బాగుండేదనిపించింది. మొదటి 14 పేజీల్లో మీరు రాజ్యాంగంలోని 244వ అధికరణం, ఐదో షెడ్యూలు, గవర్నరు అధికారాలు, గిరిజన భూములు అన్యాక్రాంతమైన తీరు వరుసగా చెప్పుకొచ్చారు. అందులో తప్పేమీ లేదు. కాని లా జర్నల్ చదివేవారు న్యాయవాదులు, న్యాయమూర్తులు, న్యాయశాస్త్ర అధ్యాపకులు. వారికి తెలిసినదాన్నే వారికి చెప్పడానికి వ్యాసంలో దాదాపు సగం ఖర్చయితే, మిగతా సగంలోనూ కొత్త సంగతి ఉండదని సంపాదకుడు అనుకోవడం సహజం.

23వ పేజీలో ఏముందో మీకే గుర్తు చేస్తాను. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒక వ్యాపారి రాయగడ దగ్గర సాటి గిరిజనేతరుని స్థలం కొనబోతూ, “మా వైపు వన్ ఆఫ్ సెవెంటీ ఉంది కదండీ, ఇక్కడ రిజిస్ట్రేషన్ చెల్లుతుందా?” అని మిమ్మల్ని అడిగాడు. వన్ ఆఫ్ సెవెంటీ అంటే ఆంధ్ర ఏజెన్సీ భూముల బదిలీపై వచ్చిన 1970 సవరణ. దాన్ని మీరు ఒక్క పేరాలో ముగించి ముందుకు వెళ్లిపోయారు. మీ వ్యాసం ఆ పేరానే. రాజధానిలో కూర్చున్న రచయితకు ఆ ప్రశ్న ఎదురయ్యే అవకాశమే తక్కువ. మీకు మాత్రం అది కక్షిదారు రూపంలో నడిచి వచ్చింది.

ఆ ప్రశ్న వెనక ఎంత సరుకుందో చూడండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రంగా ఏర్పడే వరకు మీ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. కొండకు ఈ పక్కనా ఆ పక్కనా ఏజెన్సీ భూముల బదిలీని కట్టడి చేసింది 1917 నాటి ఒకే మద్రాసు చట్టం. దాని స్థానంలో ఒడిశాలో 1956 నాటి 2వ రెగ్యులేషన్, ఆంధ్రలో 1959 నాటి 1వ రెగ్యులేషన్ వచ్చాయి. ఒకే వేరు నుంచి లేచిన ఈ రెండు కొమ్మలు అక్కడి నుంచి చెరో దిక్కుకు పెరిగాయి. 1970 సవరణతో ఆంధ్ర ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరునికి భూమి అమ్మడం కూడా చెల్లకుండా పోయింది. ఆ సవరణను 1988లో పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఒడిశా రెగ్యులేషన్ ప్రధానంగా గిరిజనుడు చేసే బదిలీని పట్టి చూస్తుంది. పూర్వం అధికారి అనుమతితో గిరిజనుడు గిరిజనేతరునికి అమ్మే దారి ఉండేది, 2002 సవరణ దాన్ని మూసేసింది. కాని గిరిజనేతరుల మధ్య లావాదేవీపై ఆంధ్రలో ఉన్న నిషేధం వంటిది అందులో లేదు. కొన్ని కిలోమీటర్ల దూరంలో ఒకే రకం దస్తావేజు ఒకచోట చెల్లి, ఒకచోట చెల్లకపోవడానికి కారణం ఈ తేడాయే. మీ వ్యాపారి ప్రశ్నను మొదటి పేరాలో పెట్టండి. మీ సమాధానాన్ని మొదటి పేజీ దాటనివ్వకండి. చరిత్ర ఆ సమాధానాన్ని నిలబెట్టడానికి ఎంత అవసరమో అంతే రానివ్వండి. అప్పుడు 32 పేజీలు 12కు దిగుతాయి, ఎవరూ లోటు పడరు.

రెండో లోపం దీనికన్నా తీవ్రమైనది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పిన సమత కేసు, (1997) 8 ఎస్‌సీసీ 191, మీ వ్యాసానికి వెన్నెముక. అందులో మీరు కొటేషన్ గుర్తుల మధ్య పెట్టిన వాక్యాలు తీర్పులోనివి కావు, హెడ్‌నోట్‌లోనివి. హెడ్‌నోట్ అంటే తీర్పుకు ముందు వేసే సారాంశం, దాన్ని రాసేది తీర్పులు ప్రచురించే పత్రిక సిబ్బంది. దాన్ని న్యాయమూర్తి మాటగా ఉటంకిస్తే, ఆ తీర్పు చదివిన సంపాదకుడు అక్కడే ఆగిపోతాడు. తీర్పు పాఠాన్ని ప్రచురించుకోవడానికి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షన్ అడ్డు చెప్పదు. హెడ్‌నోట్ మాత్రం ప్రచురణకర్త సొత్తు. ఈస్టర్న్ బుక్ కంపెనీ – మోదక్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విడదీసి చెప్పింది. పైగా సమత తీర్పు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు నిలిచి ఇచ్చినది. భిన్నాభిప్రాయం రాసిన జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒడిశా నుంచే వెళ్లినవారు. రాయగడ వకీలు వ్యాసంలో ఆయన ప్రస్తావన కూడా లేకపోవడం నాకు కాస్త చివుక్కుమనిపించిందని చెప్పాలి. సమత తీర్పు ఆంధ్ర రెగ్యులేషన్‌లోని పదాల మీద ఆధారపడి నిలిచింది కాబట్టి మధ్యప్రదేశ్ చట్టానికి దాన్ని యథాతథంగా వర్తింపజేయలేమని 2001లో బాల్కో (భారత్ అల్యూమినియం కంపెనీ) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒడిశా రెగ్యులేషన్ పదాలు ఎటువైపు మొగ్గుతాయన్నది మీరు తేల్చవలసిన విషయం. బాల్కో పేరే ఎత్తకుండా సమతను ఒడిశాకు అన్వయించిన వ్యాసాన్ని నేనైనా వెనక్కి పంపేవాణ్ణి.

ప్రతి తీర్పునూ మూలంలో చదివాకే పాదసూచికలో చేర్చండి. సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టే నడిపే ఆన్‌లైన్ భాండారం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. 2023 నుంచి న్యూట్రల్ సైటేషన్ (తీర్పుకు కోర్టే ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా ఇస్తున్నారు, కొత్త తీర్పులకు అదీ రాయండి. కృత్రిమ మేధను అడిగి తెచ్చిన కేసుల పేర్లను సరిచూసుకోకుండా వాడిన న్యాయవాదులకు 2023లో న్యూయార్కు కోర్టు జరిమానా వేసిన సంగతి మీరు వినే ఉంటారు.

ఇక ఆ వ్యాపారి ఉదంతం. అతని పేరు, ఊరు, సర్వే నంబరు మీ ప్రతిలో యథాతథంగా ఉన్నాయి. వాటిని వెంటనే తీసేయండి. వృత్తిరీత్యా కక్షిదారు మీతో చెప్పినదాన్ని అతని సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని పాత సాక్ష్య చట్టంలోని 126వ సెక్షన్ చెప్పింది, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలోని 132వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. “ఈ కేసులో నేనే వాదించి గెలిచాను” అన్న వాక్యాన్ని కూడా కొట్టేయండి. తాను నడిపిన కేసులను ప్రచారానికి వాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం ఒప్పుకోదు. తుది తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డలపై సద్విమర్శ కోర్టు ధిక్కారం కాదని 1971 చట్టంలోని 5వ సెక్షన్ హామీ ఇస్తోంది గాని, మీరు ఉదహరించిన రెండో కేసు ఇంకా అప్పీలులో ఉంది. దాన్ని వదిలేయండి.

జిల్లా కోర్టు వకీలు అన్నది అడ్డంకి కానే కాదు. పరిశోధన పత్రికలు సాధారణంగా రచయిత పేరు తీసేసిన తర్వాతే వ్యాసాన్ని సమీక్షకులకు పంపుతాయి. తీర్పులు ప్రచురించే పత్రికల వ్యాస విభాగంలో ప్రాక్టీసులో ఉన్నవారి పేర్లు తరచుగా కనబడుతూనే ఉంటాయి, మీ వ్యాసానికి సరిపోయే చోటు కూడా అదే. పంపబోయే పత్రిక ఇటీవలి సంచికలు మీ బార్ లైబ్రరీలో ఉంటే నాలుగైదు తిరగేసి, వారు ఉల్లేఖనలు రాసే పద్ధతినే పాటించండి.

ప్రశ్న: మాది సిరొంచ, గడ్చిరోలి జిల్లా. న్యాయశాస్త్రం పూర్తిచేసి నాగపూర్‌లో ఒక సీనియర్ గారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. ఒక పత్రిక నా వ్యాసాన్ని వారంలో వేస్తామని, రెండు వేలు కట్టమని అంటోంది. ఇంకో పత్రికకు కూడా అదే వ్యాసం పంపవచ్చా? సీనియర్ గారి పేరు కూడా పెట్టాలా?
– ఒక జూనియర్ న్యాయవాది

జవాబు: అమ్మాయీ, డబ్బు కట్టవద్దు. వ్యాసం చదవకముందే వేస్తామన్నవారు వేసినా ఎవరూ చదవరు, మీ పేరు పక్కన ఆ పత్రిక పేరు ఉండిపోతుంది. మీరు పనిచేస్తున్న నాగపూర్ నుంచే 1914 నాటి తీర్పులు మొదలుకొని ఆల్ ఇండియా రిపోర్టర్ వెలువడుతోంది, దానికి ప్రత్యేకంగా జర్నల్ విభాగం ఉంది. ముందు అటు చూడండి.

ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు చోట్లకు పంపకూడదు. సమాధానం ఆలస్యమైతే ఉపసంహరించుకుంటున్నట్టు రాతపూర్వకంగా తెలిపి, ఆ తర్వాతే రెండో పత్రికకు పంపండి.

సీనియర్ గారు వాదనను మలిచినా, ఒక భాగం రాసినా సహరచయితగా వారి పేరు ఉండవలసిందే. ఫైలు ఇచ్చి, చదివి, రెండు తప్పులు దిద్దితే మొదటి పాదసూచికలో కృతజ్ఞత చాలు. ఈ మాట వారితో వ్యాసం పంపకముందే మాట్లాడుకోండి.

అంగీకారం వచ్చాక కాపీరైటు బదిలీ పత్రం పంపుతారు. వ్యాసానికి తొలి హక్కుదారు మీరే. బదిలీ రాతపూర్వకంగానే జరగాలని, గడువు పేర్కొనకపోతే అది 5 ఏళ్లకే పరిమితమని కాపీరైటు చట్టంలోని 19వ సెక్షన్ చెబుతోంది. రేపు ఆ వ్యాసాన్ని పుస్తకంలో చేర్చుకునే హక్కు మీకు మిగిలేలా ఒక వాక్యం చేర్చమని అడిగి, ఆ తర్వాత సంతకం చేయండి.