అమ్మకు తెలియకుండా, అమ్మ కోసం చర్చి పెళ్లి

ప్రశ్న: నా వయసు 29. క్రమం తప్పకుండా చర్చికి వెళ్లే కుటుంబం మాది. కానీ పదేళ్లుగా నాకు దేవుడి మీద నమ్మకం లేదు. పెళ్లి చేసుకోబోయే అబ్బాయికీ ఏ మతమూ పట్టదు. ఈ సంగతి నాన్నకు తెలుసు, అమ్మకు తెలియదు. ‘మీ అమ్మ తట్టుకోలేదు, చెప్పకు, నేను చూసుకుంటా’ అన్నారు నాన్న. నా పెళ్లి చర్చిలో చూడాలని అమ్మ కోరిక. ఏయే పాటలు పాడించాలో అనుకుని పాటల పుస్తకంలో ఆ పేజీలకు ఇప్పటికే దారప్పోగులు పెట్టుకుంది. ఆరాధనలు ఆగిపోయిన పాత చర్చి ఒకటి పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు. అక్కడ ప్రార్థనలు లేకుండా, మాకు తెలిసిన ఒక పెద్దాయన చేత పెళ్లి జరిపించుకోవాలనుకుంటున్నాం. చూడ్డానికి మామూలు చర్చి పెళ్లిలాగే ఉంటుంది. అమ్మకు అనుమానం రాకుండా ఆ కార్యక్రమం ఎలా నడిపించాలి? బైబిల్ వాక్యాల బదులు ఏం చదివించాలి?

జవాబు: మీరు అడిగినదానికి ముందు జవాబు చెప్పేస్తాను. అది పెద్ద కష్టమైన ప్రశ్న కాదు.

ఆరాధనలు నిలిపేసి సంఘం వదులుకున్న భవనంలో మతం లేని పెళ్లి చేసుకోవచ్చు. ఇప్పుడు అది ఎవరి చేతిలో ఉందో వాళ్లు ఒప్పుకుంటే చాలు. అసలు ఏ ఒక్క మతానికీ చెందకుండా కట్టిన చాపెల్స్, అంటే చిన్న ప్రార్థనా మందిరాలు, కూడా ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో 1955లో కట్టినది అలాంటిదే. గుండ్రటి ఇటుక గోడలు, పైనుంచి పడే వెలుగు, అంతే. నడుస్తున్న చర్చిలో మాత్రం ఆ ఆశ పెట్టుకోకండి. మీది ఏ సంఘమో రాయలేదు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో అయితే పెళ్లిలో బైబిల్ నుంచి కనీసం ఒక్క భాగమైనా చదివి తీరాలి. కాథలిక్ అమ్మాయి బాప్తిస్మం లేని అబ్బాయిని చేసుకోవాలంటే బిషప్ అనుమతి కావాలి, పుట్టబోయే పిల్లల్ని ఆ విశ్వాసంలో పెంచడానికి చేతనైనదంతా చేస్తానని ఆమె మాటివ్వాలి. వాళ్ల నియమాలు వాళ్లవి, తప్పు పట్టను. నమ్మకుండా ఆ మాట ఇచ్చేవాళ్లనే తప్పు పడతాను.

చట్టం సంగతి వేరే చూసుకోండి. ‘తెలిసిన పెద్దాయన’ జరిపించినంత మాత్రాన అన్ని చోట్లా అది చట్టం ముందు పెళ్లి కాదు. స్కాట్లండ్‌లో 2005 నుంచి హ్యూమనిస్టులు, అంటే దేవుడితో పని లేకుండా మానవ విలువలనే నమ్ముకున్నవాళ్లు, జరిపే పెళ్లి చెల్లుతోంది. భారతదేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. తర్వాత వివాహ అధికారి, ముగ్గురు సాక్షుల ఎదుట ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని నోటితో చెప్పాలి. మిగతా తంతు ఏ పద్ధతిలో జరుపుకున్నా చట్టానికి అభ్యంతరం లేదు.

ఇక ఏం చదివించాలంటారా, మీరిద్దరూ ఒకరికొకరు ఏం మాటిస్తున్నారో సొంతంగా రాసుకుని చదవండి. అరపేజీ చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను కదలనివ్వని మాట ఒకటుంది. ‘చెప్పకు, నేను చూసుకుంటా.’

మీ నాన్నగారు ఏం చూసుకుంటారు? ఆ రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి. మీ అమ్మగారు పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుంటారు. మొదటి దారప్పోగు దగ్గర పేజీ తెరిచి, వేలు అడ్డం పెట్టుకుని ఎదురు చూస్తారు. ‘ప్రార్థన చేసుకుందాం’ అన్న మాట కోసం తల వంచడానికి సిద్ధంగా ఉంటారు. ఆ మాట రాదు. పాట రాదు. ఆమె పక్కకు తిరిగి భర్త ముఖం చూస్తారు. ఆయన ఎటో చూస్తుంటారు. ఆ క్షణంలో ఆమెకు రెండు విషయాలు ఒకేసారి అర్థమవుతాయి. కూతురికి నమ్మకం లేదని ఒకటి, ఇన్నాళ్లూ ఇంట్లో తనకొక్కదానికే ఆ విషయం తెలియనివ్వలేదని రెండోది. మొదటిది ఆమె ఎప్పటికైనా తట్టుకుంటారు. రెండోదాన్ని తట్టుకోమని నేను ఏ ఆడదానికీ చెప్పలేను.

‘అమ్మ తట్టుకోలేదు’ అనే మాట నా ముందు కూర్చుని చాలామంది పిల్లలు అన్నారు. ఆ అమ్మలే ఇంట్లో జబ్బులకూ చావులకూ ముందు నిలబడినవాళ్లు. అప్పుడెవరూ వాళ్లను తట్టుకోలేని మనుషులనుకోలేదు. నాకు తోచింది చెప్తాను, మీకు కోపం వచ్చినా సరే. మీ అమ్మగారు ఏడుస్తూ ఉండే ఇంట్లో నాలుగు రోజులు గడపడానికి మీ నాన్నగారికి భయం. ఆ భయానికి ప్రేమ అని పేరు పెట్టుకున్నారు. మార్కులు తగ్గినప్పుడు ‘అమ్మకు చెప్పకులే, సంతకం నేను పెడతా’ అనే నాన్న చిన్నప్పుడు ముద్దుగానే ఉంటారు. 29 ఏళ్లొచ్చాక కూడా ఆ సంతకం చాటునే ఉంటే ఎలా? మీరిద్దరూ ఒక జట్టు అయ్యారు. ఆవిడ ఒంటరిగా మిగిలారు.

పోనీ మీ గౌరవం సంగతి చూడండి. నమ్మకం పోవడం తప్పు కాదు. కానీ పదేళ్లు దాచి దాచి, మీ ఆలోచనను మీరే దొంగసొత్తులా చూస్తున్నారు. మీరు దాచేదాన్ని ఇంకొకరు గౌరవించాలని ఎలా అడుగుతారు?

ముందు నాన్నగారితో మాట్లాడండి. అనుమతి అడగొద్దు. ‘నాన్నా, ఫలానా రోజు అమ్మకు చెప్తున్నాను, ఆ సమయానికి మీరు గదిలో ఉండొద్దు’ అని చెప్పండి, అంతే. అమ్మగారికి ఫోన్‌లో కాకుండా ఎదురుగా కూర్చుని చెప్పండి. ఆవిడ ఏడుస్తారు. నా పెంపకంలో ఏం లోపం జరిగింది అంటారు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ టెన్షన్ భరించాల్సింది మీరే. దేవుడున్నాడా లేడా అనే వాదనకు మాత్రం దిగకండి. ఆ అబ్బాయిని కూడా మొదటి రోజే తీసుకెళ్లకండి, నెపమంతా అతని మీదకు పోతుంది.

ఆవిడ కాస్త నెమ్మదించాక, దేనికి ఒప్పుకుంటారో, దేనికి ఒప్పుకోరో మీకే తెలుస్తుంది. పెళ్లి రోజు పొద్దున ఇంట్లో ఆవిడ మీ తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేస్తానంటే కాదనకండి. అది ఆవిడ ప్రార్థన, మీరు పక్కన కూర్చుంటే చాలు. ‘దేవుని సన్నిధిలో’ అని మీ నోటితో ప్రమాణం చేయమంటే మాత్రం చేయకండి. మీరు అబద్ధమాడుతున్నారని తెలిసి వినడం ఆవిడకే ఎక్కువ అవమానం. ప్రార్థన లేని చర్చి కన్నా మామూలు హాలే నయం అని ఆవిడ అనొచ్చు. నమ్మే మనిషికి ఆరాధన లేని చర్చి ఎంత బోసిగా కనిపిస్తుందో మీకూ తెలియనిది కాదు. అలా అంటే ఆ పాత చర్చిని వదిలేయండి. అది మీకోసం కాదుగా, ఆవిడ కోసమే అనుకున్నారు.

అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆగండి. విషయం చెప్పేశాక ఒక సాయంత్రం ఆ పాటల పుస్తకం తీయమనండి. దారప్పోగు ఉన్న ఒక్కో పేజీ తెరిపించి, ఈ పాటే ఎందుకమ్మా అని అడగండి.